జేబులో మోగిన నెంబరు

పోయిన వారం మనం ప్రేమలతను పటాన్‌చెరు సర్వీసు రోడ్డు మీది మేడ గదిలో, పాడైపోయిన కంప్యూటరు ముందు వదిలి వచ్చాం. నిజానికి కంప్యూటరు నిక్షేపంగా ఉంది. పాడైంది అందులోని సాఫ్ట్‌వేరు. పన్ను రిటర్నులు తయారుచేసే ఆ సరుకును అమ్మిన కంపెనీ ఈ ఏడాది చడీచప్పుడు లేకుండా దుకాణం కట్టేసింది. సీజను చూస్తే నెత్తి మీదికొచ్చింది. ఆఫీసు పెట్టిన బాపిరాజు గారు చలికాలంలో కన్నుమూశారు. ఆయన దగ్గర టైపిస్టుగా చేరి పని మొత్తం నేర్చుకున్న ప్రేమలత, తోటి ఉద్యోగి రాజశేఖర్‌ను భాగస్వామిగా పెట్టుకుని, ఎలాగైనా ఆ ఆఫీసును నిలబెట్టాలని నడుం కట్టింది. కొత్త సాఫ్ట్‌వేరు కొనాలి. వడపోయగా వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి 'చిటికె', రెండోది 'తక్కెడ'. చిటికెకు ఈ ప్రాంతంలో డీలరు బాపిరాజు గారి అల్లుడు నరసరాజు. ఆదివారం వచ్చి పనితనం చూపిస్తానన్నాడు, వస్తూ వస్తూ మామగారి ఫోను కూడా తెచ్చిస్తానన్నాడు.

ఆ ఫోను సంగతి కొత్తగా కథలోకి వచ్చినవాళ్లకు చెప్పాలి. ఈ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో చాలావాటిలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో చెక్క అరలుంటాయి. ఒక్కో అరలో ఒక్కో ఫోను, షిఫ్టు అయ్యేదాకా అక్కడే దాని కాపురం. రిటర్ను వేసేటప్పుడు వచ్చే ఓటీపీ ఆ అరలో కాసేపు వెలిగి, ఎవరి కంటా పడకుండానే చచ్చిపోతుంది. దీనికి బాపిరాజు గారు ఓ ఉపాయం కనిపెట్టారు. "మీ నెంబర్లతో వేగలేం గానీ, నాది రాసేయండయ్యా" అన్నారు. అలా గడప తొక్కిన ప్రతి కార్మికుడి ఖాతాలోనూ ఆయన నెంబరే ఎక్కింది. జనం చేతులెత్తి దండం పెట్టారు. ఆ నెంబరును వందల ఖాతాల్లో టైపు చేసింది ప్రేమలతే. ఇందులో తప్పేముందో ఆమెకు ఒక్కనాడూ తట్టలేదు.

నరసరాజు మిఠాయి డబ్బాతో వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చెదరలేదు, నవ్వూ చెదరలేదు. ముందు మామగారి ఫొటోకు నమస్కారం పెట్టుకుని, సంచిలోంచి ఆయన ఫోను తీసి రెండు చేతులతో ప్రేమలతకు అందించాడు.

"మావయ్య వస్తువు మీ దగ్గరుండటమే న్యాయం, ప్రేమలత గారూ. ఇంట్లో బీరువాలో పడి ఉంటే ఎవరికి లాభం?"

ఆ మాటకు ప్రేమలత కళ్లు చెమర్చాయి. ఈ మనిషిని ఇన్నాళ్లూ అనవసరంగా అనుమానించాననుకుంది. ఫోనును తుడిచి, చార్జింగుకు పెట్టి, బల్ల మధ్యలో ఉంచింది. రాజశేఖర్ మాత్రం మిఠాయి డబ్బా మూత తీయడంలో మునిగిపోయాడు. అంత గట్టి మూత కూడా కాదది.

బెంచీ మీద అప్పటికే ముత్యమ్మ కూర్చుని ఉంది. బొంతపల్లి దారిలోని మందుల కంపెనీలో ప్యాకింగు పని ఆమెది. కొడుకు ఆటో లోనుకు బ్యాంకువాళ్లు రిటర్ను అడిగారట, అందుకని సెలవు రోజు చూసుకుని వచ్చింది.

"డమ్మీ పేర్లతో చూపించడం నాకు అలవాటు లేదండీ," అన్నాడు నరసరాజు ల్యాప్‌టాప్ తెరుస్తూ. "నిజం మనిషి, నిజం ఖాతా. ఎవరిది చేద్దాం?"

"గీ పెద్దమ్మది జెయ్యుర్రి," అంది ప్రేమలత.

చిటికె అందంగా ఉంది, అందులో సందేహం లేదు. రంగురంగుల గడులు, తెలుగులో పలకరింపు. పాన్ నెంబరు కొట్టగానే ముత్యమ్మ పేరు, ఊరు, కంపెనీ పేరు టకటకా వచ్చి కూర్చున్నాయి. ముత్యమ్మ మెడ సాచి తన పేరును చూసుకుని మురిసిపోయింది.

"ఇప్పుడు అనుమతి కోసం ఓటీపీ వస్తుంది. అది ఎక్కిస్తే చాలు, మిగతాదంతా చిటికెలో అయిపోతుంది," అని నరసరాజు మీట నొక్కాడు.

అందరూ బల్ల మీది ఫోను వైపు చూశారు. అది ఉలకలేదు, పలకలేదు. ప్రేమలత చేతిలోకి తీసుకుని చూసింది. సౌండు పెంచింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి పైకెత్తి పట్టుకుంది. అంతలో నరసరాజు చొక్కా జేబులో టింగుమని చప్పుడైంది.

అతను తొందరేమీ పడలేదు. జేబులోంచి తన ఫోను తీసి, కళ్లజోడు సర్దుకుని, ఆరంకెలూ బడిపిల్లవాడిలా స్పష్టంగా చదివి, తనే టైపు చేసుకున్నాడు.

ప్రేమలత చేతిలోని ఫోను వెనక్కి తిప్పి, పక్కనున్న చిన్న అరను గుండుసూదితో లాగింది. లోపల సిమ్ము లేదు.

"ఇందుల సిమ్మే లేదు," అంది.

"ఫోను మీకిచ్చాను కదండీ. నెంబరు కుటుంబానిది," అన్నాడు నరసరాజు, నవ్వు చెదరకుండానే. "మా పేరు మీదికి మార్పించుకున్నాం. కాయితాలన్నీ పద్ధతిగానే ఉన్నాయి."

ముత్యమ్మ అటూ ఇటూ చూసింది. "నా రిటర్నుకు నీ జేబుల మోగుడేంది బాబూ?"

ఇంత సూటి ప్రశ్న ఆ పొద్దున ఇంకెవరూ అడగలేదు. నరసరాజు ఆమెను వదిలేసి ప్రేమలత వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"దాపరికమెందుకు, విషయం చెప్పేస్తాను. చిటికె తీసుకోండి. విడిగా కాదు, నా మాస్టర్ ఖాతా కింద. మీ క్లయింట్లంతా అందులోకి వస్తారు. మీరు పనిచేస్తుంటారు, ఓటీపీ అడిగిన మరుక్షణం నేను చెప్తుంటాను. బోర్డు కూడా మార్చక్కర్లేదు, కింద చిన్న అక్షరాల్లో 'పటాన్‌చెరు శాఖ' అని రాయిస్తే చాలు."

"మేం తక్కెడ గొంటే?"

"నిక్షేపంగా కొనుక్కోండి. మంచి సాఫ్ట్‌వేరే. కాకపోతే దానికీ ఓటీపీ కావాలి కదమ్మా. ఎవర్నడుగుతారు?"

ఇంకో మనిషైతే అక్కడే ఏడ్చేసేది, లేకపోతే మిఠాయి డబ్బా విసిరికొట్టేది. ప్రేమలతకు రెండూ చేయాలనిపించింది. సిమ్ము లేని ఫోనును చార్జింగు తీగలోంచి ఊడదీసి, అతని సంచిలోనే పెట్టింది.

"ఇది గూడ కుటుంబానిదే, తీస్కపోర్రి. మా ముచ్చట రెండు మూడు దినాల్ల చెప్తం."

నరసరాజు మెట్లు దిగిపోయాక, ముత్యమ్మకు మర్నాడు కబురు చేస్తామని చెప్పి పంపాక, రాజశేఖర్ మొదటిసారి నోరు విప్పాడు. రుద్రారంలో పొలమున్న ఇంటి పిల్లవాడు, తగాదాలంటే గిట్టదు. ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటుంటే మంచినీళ్ల వంకతో బయటికి పోయే రకం.

"ఒక మాట జెప్తా, కోపం జేయకక్కా. మనకు గావాల్సింది ఓటీపీ. అది ఎవని జేబుల మోగితేంది? టైముకు రిటర్ను పడాలె. లేకుంటే లేట్ ఫీజు ఎవరు గట్టాలె, జనమే గదా?"

"ఇయ్యాల ఓటీపీ జెప్తడు. రేపు మనమీద కోపమొస్తే?"

"ఎందుకొస్తది కోపం?"

"రాకపోతే గూడ తప్పే గదా రాజశేఖర్. ఓ మనిషికి నోటీసొస్తే ఆ మనిషికంటె ముందు ఆయనకు తెలుస్తది. రిఫండు వొచ్చినా గంతే. ముత్యమ్మ పెద్దమ్మ పేరు మీద ఏం జేసినా ఆమెకు తెల్వదు. గిది మనం జేసిన పనే. సార్ మంచికే జేసిండు, నేనూ మంచికే అనుకున్న. గని మంది తాళంచెవులన్ని ఒక్కతాన ఏలాడదీసినం. ఇప్పుడా గుత్తి పట్టుకుని ఒకాయన తిరుగుతుండు."

"ఇప్పుడేం జేస్తమక్కా మరి?"

"మార్పిస్త. ఎవరి నెంబర్ వాళ్లకే ఎక్కిస్త."

రాజశేఖర్ నవ్వాడు. పాపం, వెటకారానికి కాదు. ఆధార్‌కు లింకు చేసిన సొంత ఫోను మనిషి చేతిలో ఉంటే, పాత నెంబరును అడిగే పనిలేకుండా కొత్తది ఎక్కించవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఫోనున్నచోట మనిషి ఉండడు, మనిషి ఉన్నచోట ఫోను ఉండదు. షిఫ్టు అయ్యాక ఒక్కొక్కరి ఊరు ఒక్కో దిక్కు.

"తెల్లారేటాల్లకు అయ్యే పని గాదక్కా," అని అతను సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ప్రేమలత ఇంట్లో అన్నం వండింది గానీ ఉప్పు వేసిందో లేదో చెప్పలేకపోయింది. భర్త నర్సింగ్ రెండు ముద్దలు తిని, లేచివెళ్లి ఉప్పుడబ్బా తెచ్చుకుని కూర్చున్నాడు. అతను కంపెనీ బస్సు డ్రైవరు. పటాన్‌చెరులో జనాన్ని ఎక్కించుకుని, సుల్తాన్‌పూర్ మీదుగా ఊళ్లన్నీ తిరిగి, బొంతపల్లి దారిలోని ఆ మందుల కంపెనీ దగ్గర దించుతాడు. ముత్యమ్మ ఎక్కేదీ ఆ బస్సే. భార్య చెప్పిందంతా విని, చేయి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు.

"మీ ఓటీపీ గేటుకాడ సస్తది. బస్సుల బతికే ఉంటది గదా."

ప్రేమలత అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏం జూస్తున్నవ్? బస్సెక్కినోళ్లు ఒక్కడన్న కిటికీల నుంచి బయటికి జూస్తడా? అందరి చేతుల ఫోన్లే. దిగేదాంక గదే పని. ల్యాప్‌టాప్ పట్టుకుని నా పక్కన బానెట్ మీద కూసో. ఒక ట్రిప్పుల ఎంతమందివైతే అంతమందివి."

"కంట్రాక్టర్ ఊకుంటడా?"

"అడిగితే నా పెండ్లాం అలిగి బస్సుల కూసున్నదని జెప్త. నమ్ముతడు, ఆయనకూ పెండ్లామున్నది."

పొద్దున్నించీ బిగబట్టుకున్న నవ్వో ఏడుపో తెలియనిది ఒక్కసారిగా బయటికొచ్చింది ప్రేమలతకు. ఆ మనిషి మీద ఆమెకు అంత ప్రేమ పుట్టుకొచ్చి చాలా రోజులైంది. ఆ మాట అతనితోనే అనేసింది కూడా. నర్సింగ్ సిగ్గుపడి ఉప్పుడబ్బా తీసుకుని వంటింట్లోకి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు బస్సు. బస్సు సంగతి చెప్పి రమ్మని రాజశేఖర్‌కు ఫోను చేస్తే సంగారెడ్డిలో పనుందన్నాడు. సరే, ఉంటుంది, మనిషికి పనులుండవా అనుకుంది ప్రేమలత. రెండు సాఫ్ట్‌వేర్లూ ట్రయలుకు ఇచ్చినవి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. నరసరాజు మీద కోపంతో చిటికెను తీసిపారేయడం ఆమెకు ఇష్టంలేదు. ఏది కొన్నా ఏడాది పొడుగునా దానితోనే కాపురం చేయాలి. అందుకని రెండింటినీ ఆ బస్సులోనే పరీక్ష పెట్టాలనుకుంది. చల్లగా ఫ్యాను కింద ఏ సాఫ్ట్‌వేరైనా బుద్ధిగానే ఉంటుంది.

బానెట్ మీద తువ్వాల మడిచి వేసి, దాని మీద కూర్చుంది. కింద ఇంజను సెగ, పైన జూలై ఉక్క. బస్సు కదలగానే లేచి నిలబడి, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది.

"అన్నలూ, అక్కలూ, ఒక మాట జెప్పాలె. మీ ట్యాక్సు ఖాతాలల్ల మీ నెంబర్ లేదు. మా సార్ నెంబరున్నది. సార్ పోయిండు, ఆ నెంబర్ ఇప్పుడు వేరేటోళ్ల చేతిలున్నది. గా నెంబర్ పెట్టింది నేనే, నాదే తప్పు. ఇయ్యాల తీసి మీది పెడ్త. ఫోన్లు దీయుర్రి."

బస్సులో కాసేపు గుసగుసలు నడిచాయి. వెనక సీటులోంచి ఎవరో, "నాకు పాలసీలోళ్లు దప్ప ఎవ్వరు ఫోన్ జెయ్యరక్కా, గిప్పుడు సర్కారు గూడ జేస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచి ముత్యమ్మ లేచి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకొచ్చింది.

"నాది సూడు బిడ్డా ముందుగాల. నిన్నటి సంది నాకు నిద్ర లేదు."

ప్రేమలత ముందు చిటికెనే తెరిచింది. పట్టణం దాటేదాకా బాగానే నడిచింది. సుల్తాన్‌పూర్ దాటి లోపలి రోడ్డు ఎక్కాక సిగ్నల్ గీతలు తగ్గాయి. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది, టైపు చేసిన వివరాలన్నీ మింగేసి మళ్లీ మొదటి పేజీకి వచ్చి నమస్కారం పెట్టింది. రెండోసారీ అంతే. ట్రయలుకు ఇచ్చినదే అయినా దాని ప్రాణమంతా ఎక్కడో ఉన్న నరసరాజు మాస్టర్ ఖాతాలో ఉంది, దారం తెగితే అడుగు వేయలేదు.

తక్కెడ చూడ్డానికి బొత్తిగా బాగుండదు. బూడిదరంగు గడులు, చీమ తలకాయంత అక్షరాలు. పలకరింపుల్లాంటివేమీ లేవు. కానీ అది ఆమె ల్యాప్‌టాప్‌లోనే ఉంది, దాని మూట దాని దగ్గరే ఉంది. సిగ్నల్ లేనప్పుడు ముత్యమ్మ వివరాలు, ఆమె వెనక నిలబడ్డవాళ్ల వివరాలు ఒకటొకటిగా లోపల దాచుకుంది. ఊరు రాగానే, గీతలు లేవగానే, దాచుకున్నవాటిని వరసగా పంపింది. గతుకుల్లో మీటలు తప్పిపోతే ప్రేమలత పళ్లు కొరుక్కుంటూ మళ్లీ కొట్టింది. నర్సింగ్ ఆ గతుకులన్నింటికీ తనే బాధ్యుడన్నట్టు బస్సును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిపాడు.

ముత్యమ్మ చేతిలోని ఫోను మోగింది. ఆమె ఒక్కో అంకెనూ వేలితో చూపిస్తూ పెద్దగా చదివింది. ఒక్క క్షణం. తర్వాత తెర మీద బాపిరాజు గారి నెంబరు పోయి, ముత్యమ్మ నెంబరు వచ్చింది.

"అయ్యిందా?"

"అయ్యింది పెద్దమ్మా. ఇగ నీ ముచ్చట నీకే చెప్తది సర్కారు."

ముత్యమ్మ ఆ ఫోనును కొంగుతో తుడిచి జాకెట్లో దోపుకుంది. అంతే, బస్సులో జనం ఎగబడ్డారు. ప్రేమలత తల ఎత్తలేదు. చెమట కళ్లలోకి కారుతుంటే ముత్యమ్మే పక్కన నిలబడి కొంగుతో తుడిచింది. ఏ సాఫ్ట్‌వేరు కొనాలన్న ప్రశ్న ఏ మలుపులో తీరిపోయిందో ప్రేమలతకు తెలియదు. ఇంకెవర్నీ అడగాల్సిన పని మాత్రం లేదనిపించింది.

"తక్కెడనే గొంటున్న," అని భర్తతో అంది, తెర మీంచి కళ్లు తీయకుండానే.

"కొను. గని జెర ముందుకు జూడు," అన్నాడు నర్సింగ్. అతని గొంతు మారింది.

కంపెనీ గేటు ముందు షామియానా వేసి ఉంది. దాని మీద చిటికె బ్యానరు. కింద పొడవాటి బల్ల, చల్లని మజ్జిగ ప్యాకెట్లు, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీలో నరసరాజు తెల్లచొక్కాలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో ల్యాప్‌టాప్ ముందు ఉన్నది రాజశేఖర్.

సంగారెడ్డిలో పని అంటే ఇదన్నమాట. బస్సు ఆగింది. జనం దిగుతుంటే నరసరాజు లేచి నిలబడి పిలిచాడు.

"రండి రండి, రిటర్నులు ఇక్కడే! ఫోను కూడా తీయక్కర్లేదు. పేరు చెప్పి లోపలికి వెళ్లిపోండి, మేం చూసుకుంటాం!"

షిఫ్టు వేళయింది. ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. పేరు చెబితే చాలనడం ఎవరికి చేదు? బస్సులో ఇంకా వంతు రానివాళ్లు కొందరు షామియానా వైపు నడిచారు. ప్రేమలత వాళ్లను ఆపలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగి, తనూ ఆ షామియానాలోకే నడిచింది. రాజశేఖర్‌కు ఎదురుగా ఖాళీ కుర్చీ లాక్కుని, అదే బల్ల మీద తక్కెడ తెరిచి పెట్టింది.

"ఇది మా బల్లండీ," అన్నాడు నరసరాజు.

"గేటు కంపెనీది, రోడ్డు సర్కారుది. కుర్చీ మీదైతే చెప్పుర్రి, నిలబడి జేస్త," అని ఆమె జనం వైపు తిరిగింది. "గిక్కడ రెండున్నయ్. ఆయనకాడ పేరు జెప్పి పోవచ్చు, మెసేజ్‌లన్ని ఆయనకే పోతయ్. నాకాడ ఫోన్ దీయాలె, జెర నిలబడాలె, మెసేజ్‌లు మీకే వొస్తయ్. ఏది గావాల్నో మీరే జూస్కోర్రి."

జనం ఆగారు. ముత్యమ్మ తన ఫోను తీసి, దాని మీది మెసేజీని ముందున్న మనిషికి చూపించింది. అతను మరొకరికి చూపించాడు. ఒక కుర్రాడు చిటికె వరసలోంచి తప్పుకుని ప్రేమలత ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకరు.

నరసరాజు ముఖంలో ఇస్త్రీ మొదటిసారి నలిగింది. వంగి, బల్ల మీదుగా, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"మావయ్య పేరు చెప్పుకుని నామీదికి వస్తున్నారు. ఆ సిమ్ము నేను దొంగిలించలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు మావయ్యే పిలిచి నా చేతిలో పెట్టారు. ఎందుకో తెలుసా? మీరు మానేసి పెద్ద ఆఫీసులో చేరబోతున్నారని తెలిసి. 'ప్రేమలత వెళ్లిపోతోందట, జనం ఏమైపోతారు, నువ్వు చూసుకో' అన్నారు."

"నేనా?" అంది ప్రేమలత. "నేనెక్కడికి పోతున్ననని? ఎవరు జెప్పిన్రు సార్‌కు?"

నరసరాజు మెల్లగా తల తిప్పి పక్క కుర్చీ వైపు చూశాడు. రాజశేఖర్ వేళ్లు మీటల మీద ఆగిపోయి ఉన్నాయి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

ఆస్పత్రిలో ఆఖరి వారమంతా బాపిరాజు గారు ఆమె ముఖం చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. జబ్బు వల్ల అనుకుంది. దగ్గర కూర్చుని, జావ చల్లారిపోయేదాకా చెంచా పట్టుకుని, సార్, సార్ అని పిలిచింది. ప్రేమలత తనను వదిలిపోతోందనుకుంటూనే ఆ మనిషి పోయాడు. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లి కాదని చెప్పాలి? ఎదురుగా కూర్చున్నవాడి చెంప పగలగొట్టాలనిపించింది.

"అక్కా," అన్నాడు ముందు నిలబడ్డ కుర్రాడు. "ఓటీపీ వొచ్చిందక్కా. చెప్పాల్నా?"

లోపల సైరను కూసింది. ప్రేమలత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చెప్పు తమ్మీ."

అతను చెప్పాడు. ఆమె ఒక్క అంకె తప్పు పోకుండా కొట్టింది. తెర మీద పాత నెంబరు పోయి కొత్తది వచ్చేదాకా చూసింది. తర్వాత, తల ఎత్తకుండానే, చాలా మామూలు గొంతుతో మాట్లాడింది.

"రాజశేఖర్, పొద్దుగాల్ల షిఫ్టోళ్లు ఇప్పుడు బయటికొస్తరు. అందరి చేతుల ఫోన్లుంటయ్. మా ఆయన బస్సు తిప్పుకుంటడు. వాళ్లను తీస్కపోయే బస్సుల నాకు పక్కన ఇంకో మనిషి గావాలె. సార్‌కు ఏం జెప్పినవో, ఎందుకు జెప్పినవో ఆ బస్సుల చెప్తవా, ఈ కుర్చీలనే కూసుంటవా, నీ ఇష్టం. నువ్వు కూసుంటే ఇగ నా గడప తొక్కకు."

గేటు తెరుచుకుంది. పొద్దుటి షిఫ్టు జనం చెక్క అరల్లోంచి ఫోన్లు తీసుకుని గుంపుగా బయటికి వస్తున్నారు. నర్సింగ్ బస్సు తిప్పి హారను కొట్టాడు. "కూర్చోవయ్యా," అని నరసరాజు రాజశేఖర్ భుజం మీద చెయ్యి వేసి అదిమాడు.

ఆ చెయ్యి భుజం మీద ఉండగానే రాజశేఖర్ కుర్చీలోంచి లేచాడు.